లక్ష్మికి ఆటలమ్మ పోసింది

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు. చేతిలో ఫోను ఉండేది, ఫోనులో నెట్టూ ఉండేది (మధ్యాహ్నానికే అయిపోయేది, అది వేరే సంగతి). కాకపోతే డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో మనిషికి ఒక ధైర్యం ఉంటుంది చూడండి, అది మాత్రం ఇప్పుడు ఎంత వెతికినా దొరకడం లేదు. నేను గిద్దలూరులో బీఎస్సీ జువాలజీ చదివాను. చదివాను అంటే, బొద్దింకను కోశాను, రొయ్య కాళ్లు పీకి వరసగా అట్టకు అంటించాను, కప్ప గుండెకాయ బొమ్మను రంగు పెన్సిళ్లతో బ్రహ్మాండంగా వేశాను. ప్రాణంతో ఉన్న జంతువు మా సిలబస్‌లో లేదు. కానీ మా వీధికి ఆ తేడా ఏం తెలుస్తుంది? పక్కింటి అత్త కుంటుతున్న కోడిని చంకలో పెట్టుకొచ్చి, "జంతువుల చదువు చదివినావు గదా, దీని కాలు జూడు" అనేది. మా నాయన పక్కనుంచి, "చూడు మే, చూస్తే ఏం పోతది" అనేవాడు గర్వంగా. నేను కోడి కాలు పట్టుకుని, కళ్లు చిన్నవి చేసి, కాసేపు ఆలోచించి, "కొంచెం రెస్టు ఇవ్వండత్తా" అనేదాన్ని. అత్త రెస్టు ఇచ్చేది. ఆదివారం దాకా.

ఇన్ని అర్హతలున్న నాకు మార్కాపురంలో ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు ఉద్యోగం దొరికింది. మా పిన్ని ఇల్లు అక్కడే కాబట్టి తిండికీ పడకకీ లోటు లేదు. మా పడమటి ప్రకాశం ఫ్లోరైడు బోరునీళ్లు తాగి పెరిగిన పళ్ల సంగతి తెలిసినవాళ్లకు, అక్కడ పళ్ల డాక్టరుకు పని తక్కువ ఉండదని వేరే చెప్పనక్కర్లేదు. మా డాక్టరు గారి చెయ్యి మంచిది, నోరు మంచిది. లోకంలో ఆయన భయపడే మనిషి ఒక్కరే, ఆయన అత్తగారు. ఆసుపత్రి ఉన్న బిల్డింగు ఆవిడది. పైన కాపురం కూడా ఆవిడదే. అందుకని మేమంతా చాటుగా ఆవిడను ఓనరమ్మ అనేవాళ్లం (ఎదురుగా పెద్దమ్మా అనే పిలిచేవాళ్లం, మాకూ ప్రాణాలు తీపే కదా).

ఆసుపత్రి హాల్లో ఈశాన్యం మూల ఒక అక్వేరియం ఉండేది. అందులో అడుగున మార్కాపురం పలకరాయి ముక్కలు, ఒక మూల నాచుమొక్క, మధ్యలో అరచేయంత నారింజరంగు గోల్డ్‌ఫిష్. దాని పేరు లక్ష్మి. పేరు పెట్టింది ఓనరమ్మే. ప్రతి శుక్రవారం పైనుంచి దిగొచ్చి, అద్దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, అగరుబత్తి తిప్పి, "లక్ష్మీ, బాగుండావా తల్లీ?" అని అడిగేది. చేప అన్నాక నోరు తెరుస్తూ మూస్తూనే ఉంటుంది. దాన్నే ఆవిడ జవాబు కింద తీసుకునేది. ఆ చేప రాకముందు ఆసుపత్రిలో ఈగలు తోలుకున్నారట, అది వచ్చాకే హాలు నిండిందట. "మా అల్లునిదేముంది, అంతా లక్ష్మి చలవ" అని పేషెంట్ల ముందే అనేసేది. లోపల డాక్టరు గారు డ్రిల్లు పట్టుకుని ఆ మాటలు వింటూ ఉండేవాడు. పాపం, ఎవరి పంటి మీద ఆ కోపం చూపించేవాడో నాకు తెలియదు.

శివరాత్రి వెళ్లి ఎండలు మొదలైన రోజుల్లో ఓనరమ్మ కాశీయాత్ర బస్సు ఎక్కింది. ఎక్కేముందు నన్ను అక్వేరియం దగ్గరికి పిలిచి, "పాపా, నువ్వు చేపల చదువు చదివినావంట గదా. లక్ష్మిని నీ చేతిలో పెట్టిపోతుండా. నేనొచ్చేసరికి ఇది ఎట్లుండేది అట్లే ఉండాల. దీనికేమన్నా అయిందా, ఈ ఆసుపత్రికి తాళం పడ్డట్టే అనుకో" అంది. నేను జువాలజీ పట్టభద్రురాలిగా గంభీరంగా తల ఊపాను. నా వెనక డాక్టరు గారు కూడా ఊపాడు.

అత్తగారు ఊళ్లో లేకపోయేసరికి డాక్టరు గారికి స్వేచ్ఛ వచ్చింది. ఆ స్వేచ్ఛతో ఆయన ఒంగోలు వెళ్లి రెండు నల్ల చేపపిల్లల్ని కొనుక్కొచ్చాడు. లక్ష్మికి తోడుగా ఉంటాయి, దిష్టి కూడా పోతుంది అన్నాడు. కవరు కత్తిరించి, నీళ్లతో సహా అక్వేరియంలో గుమ్మరించాడు. ముచ్చటగా ఉందని చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

తర్వాత కొన్నాళ్లకు లక్ష్మి డాన్సు మొదలుపెట్టింది. ఉన్నట్టుండి పక్కకు ఒరిగి, పలకరాయికేసి ఒళ్లు రాసుకుంటూ జుయ్యిమని దూసుకుపోయేది. నాకు ఎంత ముద్దొచ్చిందంటే, వీడియో తీసి "మా లక్ష్మి స్టెప్పులు" అని ఫోన్లో స్టేటస్ పెట్టాను. మర్నాడు రెక్కలు ఒంటికి అంటించుకుని మూల నిలబడింది. సిగ్గుపడుతోంది అనుకున్నాను. ఆ మర్నాడు మేత ముట్టలేదు. శనివారం కదా, ఒక్కపొద్దు ఉందేమో అని నవ్వుకున్నాను. ఆ తర్వాత ఒంటినిండా తెల్లటి చుక్కలు లేచాయి, అచ్చం ఉప్పు చల్లినట్టు. "అబ్బ, లైటు కింద ఎంత మెరుస్తుందో!" అన్నాను. (ఈ మాట నేను అన్నానని ఇప్పుడు మా ఇంట్లో చెబితే నమ్మరు. నమ్మినా ఆశ్చర్యపోరు.)

ఆ భ్రమ ఒక అవ్వ వచ్చి పోగొట్టింది. దవడ పన్ను పీకించుకోవడానికి వచ్చి, తన వంతు కోసం అక్వేరియం ముందు కూర్చున్న అవ్వ, కొంగు బుగ్గకు అదుముకుని లక్ష్మిని చాలాసేపు చూసింది.

"పాపా, ఏంది ఇది రాళ్లకేసి రుద్దుకుంటుంది?"

"డాన్సు చేస్తుందవ్వా."

"నీ డాన్సు పాడుగాను. మా బర్రెకు గజ్జి లేసినప్పుడు గూడా గోడకేసి ఇట్లనే రుద్దుకుంటది. అది దురద. ఒళ్లంతా పొక్కులు జూడు. దీనికి ఆటలమ్మ పోసిండాది."

ఆ మాటతో హాలంతా లేచి అక్వేరియం చుట్టూ మూగింది. పంటి నొప్పి ఉన్నవాళ్లకు ఇంకొకరి నొప్పి మీద ఎంత శ్రద్ధ పుడుతుందో నాకు ఆ రోజే తెలిసింది. వేపాకు మండలు నీళ్లలో వేయమని అవ్వ. జీవాలు మేపుకునే పెద్దాయన ఒకాయన, "మా గొర్రెలకైతే నట్టల మందు తాపుతాం. ఎవరన్నా దాని నోరు తెరిచి పట్టుకోండి, నేను తాపుతా" అని చొక్కా చేతులు పైకి మడిచాడు. చర్చి నుంచి నేరుగా వచ్చిన అక్క ఒకామె అద్దం మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ మూగజీవిని ముట్టు తండ్రీ. అట్లనే లోపల డాక్టరు గారి సూది నొప్పి లేకుండా చెయ్యి తండ్రీ" అని ప్రార్థన చేసింది. రెండో కోరిక అందరిదీ కావడంతో అందరూ ఆమెన్ అన్నారు. ఆటలమ్మ అన్న అవ్వ అందరికన్నా గట్టిగా అంది.

ఇదంతా విని మా కంపౌండరన్న రంగంలోకి దిగాడు. నేను మధ్యాహ్నం అన్నానికి వెళ్లొచ్చేలోపు నీళ్లన్నీ పారబోసి, రాళ్లు తోమి, కొళాయి కింద ట్యూబు పెట్టి అక్వేరియం కొత్తగా నింపేశాడు. హాలంతా బ్లీచింగు వాసన. లక్ష్మి నీటిపైకి వచ్చి, మూతి బయటపెట్టి గుటుక్ గుటుక్ మంటోంది. "చూడు చెల్లే, శుభ్రం చేసేసరికి పైకొచ్చి ఎట్ల నవ్వుతుందో" అన్నాడు తృప్తిగా. సాయంత్రానికి రెండు నల్ల చేపల్లో ఒకటి వెల్లకిలా తేలింది (రెండోది మర్నాడు). దాన్ని చూసి, బుగ్గ బూరెలా వాచిన ఒక పేషెంటు లేచి చెప్పులేసుకున్నాడు. "చేపనే బాగుచేసుకోలేరు, నా దవడనేం బాగుచేస్తారు? నేను నంద్యాల పోతా" అని ముద్దముద్దగా అనేసి మెట్లు దిగాడు. ఆ మాట విని ఇంకో ఇద్దరు ఆయన వెనకే దిగారు.

అప్పుడు చూశాను డాక్టరు గారి మొహం. పన్ను పీకేముందు పేషెంట్ల మొహం అట్లాగే ఉంటుంది. నన్నూ కంపౌండరన్ననూ లోపలికి పిలిచి, తలుపేసి, గొంతు తగ్గించాడు.

"మా అత్తగారు ఇంకో రెండు వారాల్లో దిగుతుంది. లక్ష్మి పోతే నేను ఒంగోల్లో ఎవరి దగ్గరో అసిస్టెంటుగా చేరాల్సిందే. అట్లాంటి చేపనే ఇంకోటి తెద్దాం. అదే రంగు, అదే సైజు. ఆమెకేం తెలుస్తది?"

"మరి ఈ లక్ష్మి సార్?"

ఆయన కిటికీ వైపు చూశాడు. నాకెందుకో ఒళ్లు మండింది. అంతవరకు నాకది చేపే, ఉద్యోగంలో భాగం. కానీ అద్దం వెనక మూతి బయటపెట్టి గాలికోసం తన్నుకులాడుతున్న దాన్ని చూశాక, దాన్ని తీసి బకెట్లో పడేసే పని చివరికి నా నెత్తికే వస్తుందని కూడా తెలిశాక, "ప్రాణమున్నంతవరకు దీన్ని నేను వదలను సార్. చేపల చదువు చదివినా నేను" అనేశాను. నా నోటినుంచి వచ్చిన ఆ మాటకు అందరికన్నా నేనే ఎక్కువ ఉలిక్కిపడ్డాను. కంపౌండరన్న లక్ష్మి ఫోటోతో ఒంగోలు బస్సెక్కాడు. నేను మేడమెట్ల మీద కూర్చుని, పై చదువుకు వెళ్లి చేపల మీదే పీజీ చేస్తున్న నా స్నేహితురాలికి ఫోను చేశాను.

"కొత్త చేపలేమన్నా తెచ్చినారా మే?" అంది అది మొదట.

"రెండు తెచ్చినారు."

"వేరే తొట్టిలో పెట్టి కొన్నాళ్లు చూసినారా?"

"కవరు కత్తిరించి డైరెక్టుగా పోసినారు."

"రాళ్లకేసి రుద్దుకుందా?"

"రుద్దుకుంది."

"అప్పుడు నువ్వేం చేసినావు?"

"స్టేటస్ పెట్టినా."

"అది నేను గూడా చూసిన్లే. లైకు కొట్టినా" అంది నెమ్మదిగా.

తర్వాత అది అన్నీ విడమరిచి చెప్పింది. అది ఆటలమ్మ కాదు, తెల్లచుక్కల జబ్బు. కంటికి కనపడని పురుగు ఒంట్లో దూరి పొక్కు కడుతుంది. ముదిరాక కిందికి రాలి, అడుగున పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు మళ్లీ చేప మీదికి ఎక్కుతాయి. చేప మీదున్నప్పుడు ఏ మందూ దాన్ని ముట్టుకోలేదు, నీళ్లలో ఈదేటప్పుడే చంపాలి. అందుకని చుక్కలు పోయాయి కదా అని మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కొళాయి నీళ్లు నేరుగా పోయకూడదు, బకెట్లలో పట్టి ఒకరోజు నిలవ ఉంచాలి. అన్నీ ఒకేసారి మార్చకుండా రోజూ కాసిని తీసి కాసిని పోయాలి. తీసేటప్పుడు అడుగున ఉన్న మురికి లాగేయాలి. రాళ్ల ఉప్పు విడిగా కరిగించి కొంచెం కొంచెంగా కలపాలి. గాలి మోటారు ఆపకూడదు, మేత తగ్గించాలి. నీళ్లు కాస్త వెచ్చగా ఉంటే పురుగు తొందరగా రాలుతుంది.

"వెచ్చగా అంటే హీటరు కొనాల్నా?"

"మార్కాపురంలో ఉండి హీటరేంది మే నీకు? ఏసీ ఆపు, చాలు."

అట్లా ఆసుపత్రి హాల్లో ఏసీ ఆగిపోయింది. వచ్చినవాళ్లంతా అట్టముక్కలతో విసురుకుంటూ, "ఏందమ్మా, కరెంటు లేదా?" అని అడిగేవాళ్లు. "ఉంది. చేపకు వెచ్చగా ఉండాలంట" అని చెప్పేదాన్ని. కొందరు నన్ను ఎగాదిగా చూశారు గానీ, మా జనం మంచివాళ్లు, జబ్బు మనిషి ఉన్న ఇంట్లో సర్దుకున్నట్టే సర్దుకున్నారు. గొర్రెల పెద్దాయన తన పన్ను పని అయిపోయినా రోజూ ఒకసారి వచ్చి, గుమ్మంలోంచే "ఎట్లుండాది?" అని అడిగి వెళ్లేవాడు. అడుగు మురికి లాగడానికి సెలైను ట్యూబు ఒకటి సంపాదించాను. ఒక కొస నీళ్లలో పెట్టి రెండో కొస నోటితో పీల్చి వదలాలి. పీల్చడం వచ్చింది గానీ వదలడం రావడానికి టైము పట్టింది. లక్ష్మి స్నానం చేసిన ఉప్పునీళ్లు నేను ఎన్ని గుక్కలు మింగి ఉంటానో ఆ దేవుడికే తెలియాలి. నాకు ఇంతవరకు తెల్లచుక్కలు రాలేదు.

కంపౌండరన్న తెచ్చిన నకిలీ లక్ష్మి అచ్చం అసలు దానిలాగే ఉంది. దాన్ని మాత్రం ఎక్స్‌రే గదిలో వేరే టబ్బులో పెట్టించాను. "క్వారంటైన్" అన్నానంతే, కరోనా పుణ్యాన ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. కంపౌండరన్న అలవాటుగా మాస్కు కూడా పెట్టుకున్నాడు.

లక్ష్మి మీద చుక్కలు ముందు తగ్గాయి, తర్వాత మాయమయ్యాయి. డాక్టరు గారు ఏసీ రిమోటు అందుకోబోతే లాక్కున్నాను (ఉద్యోగంలో చేరాక నేను చేసిన మొదటి ధిక్కారం). మూసుకున్న రెక్కలు విసనకర్రలా విచ్చుకున్నాయి. ఒకరోజు ఉదయం నేను తలుపు తీయగానే అద్దం దగ్గరికి దూసుకొచ్చి మేత కోసం మూతి ఆడించింది. గింజ వేస్తే గుటుక్కున మింగింది. నేను స్టూలు మీద కూలబడి ఏడ్చాను. అప్పుడే లోపలికి వచ్చిన చర్చి అక్క చేపకేదో అయిందనుకుని, తనూ నా పక్కన కూర్చుని ఏడ్చింది. సంగతి తెలిశాక కళ్లు తుడుచుకుని, "ప్రభువు విన్నాడు" అంది. ఉప్పు సంగతి నేను ఎత్తలేదు.

ఓనరమ్మ దిగే రోజు వచ్చింది. ఆ పొద్దున కంపౌండరన్న, టబ్బు కడగాలని, క్వారంటైన్ ముగిసిన నకిలీ లక్ష్మిని అసలు లక్ష్మి పక్కనే వదిలేశాడు. "జబ్బు లేదు గదా చెల్లే, రెండూ ఉంటే ఆమెకు డబుల్ సంతోషం" అన్నాడు. నేను పరుగెత్తి వెళ్లి చూశాను. లక్ష్మి చెంపల మీద తెల్లటి చుక్కలు! ఫోను తీసి స్నేహితురాలికి చెప్పాను.

"ఒంటినిండా ఉండాయా?"

"లేవు. మొప్పల మీద, ముందు రెక్కల అంచుల మీద. ముగ్గు చుక్కలు పెట్టినట్టు వరసగా."

"తింటుందా?"

"తినడమేంది, ఆ కొత్తదాన్ని తొట్టంతా తరుముతుంది. దాని పొట్ట కింద మూతితో పొడుస్తుంది."

అవతలనుంచి పడీపడీ నవ్వు. "ఒసే, అది జబ్బు గాదే. వయసు. మగ గోల్డ్‌ఫిష్‌కు జతకట్టే కాలంలో అట్లనే చుక్కలొస్తాయి. మీ లక్ష్మి మగోడు మే!"

నేను ఫోను పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. అదే సమయానికి బయట ఆటో ఆగింది. ఓనరమ్మ గంగనీళ్ల చెంబుతో, మెడలో రుద్రాక్షలతో తిన్నగా అక్వేరియం దగ్గరికి వచ్చింది. డాక్టరు గారు నోట్లో దూది పెట్టిన పేషెంటును కుర్చీలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. హాల్లో అందరూ కొంగులూ చొక్కాలూ సర్దుకుని నిలబడ్డారు. అద్దం వెనక మాత్రం ఎవరికీ బిడియం లేదు. ఒకటి ముందు, ఒకటి వెనక, రాయి చుట్టూ, మొక్క చుట్టూ ఒకటే తిరుగుడు.

"ఇంకోటి యాడిది?" అంది ఓనరమ్మ. "లక్ష్మి ఏంది దాని ఎంట పడుతుంది?"

డాక్టరు గారు నా వైపు చూశాడు. కంపౌండరన్న పైన ఫ్యాను వైపు చూశాడు. ఇక నేనే చెప్పాను. జబ్బు, ఉప్పు, ఒంగోలు, అన్నీ వరసగా చెప్పి, చివరికి, "లక్ష్మి... లక్ష్మి మగోడు పెద్దమ్మా" అన్నాను.

ఓనరమ్మ అద్దానికి ముక్కు ఆనించి చేపను ఎగాదిగా చూసింది.

"ఇన్నేండ్లు శుక్రవారం శుక్రవారం నేను పసుపు కుంకుమ పెట్టింది మగోడికా?" అంది ఓనరమ్మ. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ వాళ్ల వైపు తిరిగి చూసింది. తర్వాత అల్లుడి వైపు తిరిగింది. చాలాసేపు ఆయన్నే చూసి, "అయితే ఇన్నాళ్లు ఈడ లక్ష్మే లేదన్నమాట. ఈ జనమంతా నీ చేతి మంచితనానికే వచ్చినారన్నమాట" అంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తగారి నోట ఆయన విన్న మొదటి మెప్పు అదేనట. పాపం, ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వాడు నారాయణుడు. ఇప్పుడొచ్చింది గదా, అది లక్ష్మి" అని ఓనరమ్మ తీర్పు చెప్పి, చెంబు మూత తీసి అక్వేరియం మీద వంచబోయింది. నేను ఒక్క ఉదుటున వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు పెద్దమ్మా! కొత్త నీళ్లు పొయ్యొద్దు!"

"ఇవి గంగ నీళ్లే పిల్లా."

"గంగవైనా ఒకరోజు బకెట్లో నిలవ ఉండాల్సిందే."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ చెంబు వెనక్కి తీసుకుని, ఆ నీళ్లు నా నెత్తిన చల్లింది, తర్వాత డాక్టరు గారి నెత్తిన, కంపౌండరన్న నెత్తిన, వరసగా పేషెంట్లందరి నెత్తిన చల్లుకుంటూ వెళ్లింది. లోపల కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాయన్ను కూడా వదల్లేదు.

ఆ వేసవి చివర్లో నేను బీఈడీలో చేరడానికి గిద్దలూరు వచ్చేశాను. అప్పటికి ఆ జంట పెట్టిన గుడ్లను అవే చాలావరకు తినేయగా, నేను వేరే టబ్బులోకి మార్చిన మొక్కకు అంటుకుని మిగిలిన గుడ్లలోంచి కొన్ని పిల్లలు పెరిగాయి. వెళ్లేరోజు ఓనరమ్మ వాటిలో రెండింటిని కవరులో నీళ్లు పోసి నా చేతికిచ్చింది. అవి ఇంకా మట్టిరంగులోనే ఉన్నాయి, నారింజరంగు పెరిగాకే వస్తుంది. మార్కాపురం రోడ్డు స్టేషన్లో పాసింజరు ఎక్కి, ఆ కవరును రెండు చేతులతో ఒడికి ఎత్తుగా పట్టుకుని కూర్చున్నాను. బండి కుదుపుకు నీళ్లు కదలకుండా నేను కూడా వాటితోపాటు ఊగుతున్నాను. ఎదురుసీటు ఆయన వంగి చూసి, "పులుసుకు చాలవు గదా పాపా" అన్నాడు. "వాటికి వినపడుతుంది, మెల్లగా మాట్లాడండి" అన్నాను నేను, నవ్వకుండా, చాలా సీరియస్‌గా. కంభం దాటేదాకా ఆ పెట్టెలో అందరూ గుసగుసలుగానే మాట్లాడుకున్నారు.

ఇప్పుడు నేను బడిలో సైన్సు టీచరును. రెండుపూటలా గొంతు చించుకుని అరుస్తాను. అప్పుడప్పుడు అదే బండిలో వెళుతున్నప్పుడు, కవరులో మట్టిరంగు చేపపిల్లల్ని పట్టుకుని, లోకాన్నంతా హుష్ అంటున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ఎంత తెలుసనుకునేదో, ఎంత తక్కువ తెలుసో! ఇప్పుడు గనక అది నా ఎదురుసీట్లో కూర్చుంటే, పులుసు మాటెత్తి కాసేపు ఉడికిస్తాను. ఆ తర్వాత, నీళ్లకు ఎండ తగలకుండా, లేచి నీడవైపు కిటికీ సీటు దానికే ఇచ్చేస్తాను.